గడప బయట జాగా ఎట్లా ప్లాన్ చేసుకోవాలి? చెప్పులు, బురద, హెల్మెట్లతో వేగలేకపోతున్నా

భీమారం కోడలు:

అందరికీ నమస్తే. హన్మకొండ భీమారంలో 150 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నాం. తూర్పు ముఖం. స్లాబ్ పడింది, ప్లాస్టరింగ్ అయిపోయింది, పని ఇప్పుడు ఫ్లోరింగ్ దాకా వచ్చింది. గేటు లోపల బండ్లు పెట్టుకునే జాగా, అక్కడి నుంచి రెండు మెట్లు ఎక్కితే తొమ్మిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు వరండా, ఆ తర్వాత దర్వాజ. దర్వాజ మధ్యలో కాకుండా కొంచెం ఉత్తరం పక్కకు ఉంది. నా గొడవంతా ఆ వరండా గురించే.

ఇప్పుడు కిరాయికి ఉంటున్న ఇంట్లో సంగతి చెప్తాను. నిన్న పొద్దున లెక్కపెట్టాను, మేము ఆరుగురం, దర్వాజ ముందు 23 జతలు ఉన్నాయి, పైగా జత దొరకని చెప్పులు రెండు. మా ఆయన హెల్మెట్ సోఫా మీద, రెయిన్ కోటు డైనింగ్ కుర్చీ మీద, పిల్లల బ్యాగులు నడిచే దారిలో. మామయ్య వారానికి మూడుసార్లు ఊరికి పోయి చేను చూసొస్తారు, పరకాల వైపు నల్లరేగడి, వానాకాలంలో ఆయన చెప్పు ఒక్కొక్కటి కిలో బరువుతో ఇల్లు చేరుతుంది. ఆ బురద మెట్ల మీద, అక్కడి నుంచి హాల్లోకి, అక్కడి నుంచి నా నెత్తి మీదికి.

అత్తమ్మ పోయిన ఎండాకాలం ఆడబిడ్డ వాళ్ళింటికి డల్లాస్ వెళ్ళొచ్చింది. అక్కడ గ్యారేజీకీ వంటింటికీ మధ్య చిన్న గది ఉందట, మడ్ రూమ్ అంటారట. కూర్చోవడానికి బెంచీ, దాని కింద బూట్ల అరలు, పైన కోట్లు తగిలించే కొక్కేలు, మనిషికొక గూడు. ఫోటోలు చూసి నాకూ ఆశ పుట్టింది. వడ్ల పని (చెక్క పని) చేసే ఆయన్ని పిలిచి చూపిస్తే వరండా గోడ మొత్తం కింది నుంచి పైదాకా తలుపుల అల్మారి, మధ్యలో అద్దం, అంతా లామినేట్, 65 వేలు అన్నాడు. మామయ్య అది విని "గోలెం (నీళ్ళ తొట్టి) పెట్టి, ఒక బండ వేసి, నల్లా బిగిస్తే అయిపాయె, గా అల్మారి ఎందుకు" అన్నారు. అత్తమ్మకేమో అల్మారి ఇష్టమే, కానీ చెప్పులు దర్వాజకు ఎదురుగా ఉండొద్దు, లక్ష్మి వచ్చే దారి అంటుంది. మా ఆయన ఎవరేమన్నా "సరే" అంటాడు.

నేను దీనికి 40 వేలు అనుకున్నాను. ఏం చేయాలి, ఎంత కొలతలో చేయాలి, ఏ టైల్స్ వేయాలి, కట్టుకున్నవాళ్ళు చెప్పండి ప్లీజ్. ఇంటర్నెట్‌లో ఫోటోలు పెట్టకండి, అవి చాలా చూశాను, వాటిలో ఎవరింట్లోనూ బురద కనబడదు.

సైట్ మీదే సగం జీవితం, కాజీపేట:

అమ్మా, ఫ్లోరింగ్ పడకముందే అడిగారు, మంచి పని చేశారు. ఈ ప్రశ్న అందరూ గృహప్రవేశం అయిన మూడో నెలలో అడుగుతారు, అప్పటికి అల్మారి కొనడం తప్ప చేసేదేమీ ఉండదు. మీ మామయ్య మాటే కరెక్ట్. అల్మారి ఆర్నెల్ల తర్వాతైనా పెట్టుకోవచ్చు. నీళ్ళు ఎక్కడ వస్తాయి, ఎక్కడికి పోతాయి అన్నది మాత్రం ఈ వారమే తేలాలి.

డల్లాస్ గదిని మనం కాపీ కొట్టాల్సిన పని లేదు. అలాంటి గది చలి, మంచు ఎక్కువ ఉండే చోట్లకు పనికొస్తుంది, అక్కడ బూట్లు విప్పే జాగా ఇంటి లోపలే ఉండాలి. మనకు గడప దాటితేనే ఇల్లు. మా ఊళ్ళో పాత ఇంటికి బయట గోలెం, పక్కన బండ, కూర్చోవడానికి అరుగు, అరుగు పైన గోడకు మేకులు ఉండేవి. ఇల్లు చిన్నదై కారు పెద్దదయ్యాక అవన్నీ తీసేశాం, ఇప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టి మళ్ళీ వెతుక్కుంటున్నాం.

కాళ్ళు కడిగే జాగా మెట్ల కింద పెట్టండి, వరండాలో వద్దు. బురద కాళ్ళతో మెట్లెక్కి పైన కడుక్కుంటే మెట్లు ఎవరు కడుగుతారు? మెట్ల పక్కన మూడడుగుల చదరం, చుట్టుపక్కల నేల కంటే ఒక అంగుళం లోతు, నల్లా నేల నుంచి 20 అంగుళాల ఎత్తులో. అంతకన్నా పైన పెడితే నీళ్ళు చింది ప్యాంటు తడుస్తుంది. అదే గోడకు చేతికి అందే ఎత్తులో ఒక స్టీల్ రాడ్ బిగించండి, ఒంటికాలి మీద నిలబడి కాలు కడుక్కునేటప్పుడు పెద్దవాళ్ళకు పట్టు కావాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఇంకొకటి, రేగడి మట్టిని నేరుగా నహానీ ట్రాప్‌లోకి (నీళ్ళు బయటికి పోయే జాలీ కింది గిన్నె) పోనివ్వకండి. అది ఇసుకలా కొట్టుకుపోదు, లోపల పేరుకుని గట్టిపడుతుంది, రెండో వానాకాలానికల్లా పైపు మూసుకుపోతుంది. ట్రాప్‌కి ముందు అడుగు చదరం, అడుగు లోతు చిన్న ఛాంబర్ కట్టించి పైన ఎత్తగలిగే జాలీ పెట్టండి. బయటికి పోయే పైపు ఛాంబర్ అడుగున కాకుండా నాలుగు అంగుళాల పైన ఉండాలి. మట్టి కింద దిగుతుంది, తేరిన నీళ్ళు పోతాయి. నెలకోసారి తట్టతో ఆ మట్టి ఎత్తి పూలకుండీల్లో వేసుకోవచ్చు.

వరండా ఫినిష్ లెవెల్ హాలు కంటే కనీసం ఒక అంగుళం కింద ఉండాలి. వాలు మెట్ల వైపు, ఐదున్నర అడుగులకు ముప్పావు అంగుళం చాలు. మేస్త్రీలు టైల్స్ వేసేటప్పుడు "అందం పోతది" అని వాలు తగ్గించేస్తారు. మీరు పక్కన నిలబడి ఒక బకెట్ నీళ్ళు పోయించి చూడండి, చివర దాకా పోకుండా ఎక్కడైనా ఆగిందంటే అక్కడే పీకించండి. మీది తూర్పు ముఖం కాబట్టి ఒక లాభం ఉంది. నైరుతి గాలి పడమర వైపు నుంచి కొడుతుంది, జూలై, ఆగస్టుల్లో జల్లు మీ వరండాలోకి తక్కువ వస్తుంది. ఏప్రిల్, మే గాలివానకు మాత్రం ఏ దిక్కూ ఉండదు.

ఇక టైల్స్. మన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ విదేశాలకు కూడా పోతుంది, పాలిష్ పడితే అద్దమే. నేను సివిల్ పని చేస్తూ కూడా బుద్ధి లేక మా ఇంటి మెట్లకు అదే పాలిష్ రాయి వేయించాను. మొదటి దసరాకు మా అమ్మ బతుకమ్మ పట్టుకుని తడి మెట్టు మీద జారింది. బతుకమ్మను వదలలేదు, చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టుతో కూర్చుని రోజూ నన్ను "ఇంజనీరు సాబ్" అని పిలిచింది. కాబట్టి మెట్లకు, వరండాకు గరుకుగా ఉండే ఫ్లేమ్డ్ ఫినిష్ కానీ లెదర్ ఫినిష్ కానీ అడగండి. ఖర్చు తగ్గాలంటే పాలిష్ పట్టని తాండూరు బండ, అది తడిసినా కాలికి పట్టు ఇస్తుంది. ఒక్కటే జాగ్రత్త, తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి జాతి, బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగితే తినేస్తుంది.

మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు దాటనివ్వకండి, కాలు పెట్టే వెడల్పు 11 నుంచి 12. మెట్ల కింద మొరం నింపి నీళ్ళు కొట్టి దిమ్మిస పడ్డాకే పైన పని. లేకపోతే రెండేళ్ళకు మెట్లు ఇంటి నుంచి విడిపోయి మధ్యలో వేలు పట్టే సందు వస్తుంది. రేగడి నేలల్లో ఇది మరీ ఎక్కువ, ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది.

పరకాల పత్తి:

చెల్లె, మీ మామయ్య చేను మా దిక్కే కాబట్టి ఒక మాట చెప్పాలి. పై అన్న చెప్పిన నల్లా, ఛాంబర్ అన్నీ బాగున్నాయి, కానీ రేగడి బురదకు నీళ్ళు రెండో పని, మొదటి పని గీకుడు. తడి రేగడిని నీళ్ళతో కడిగితే ఇంకా పూసుకుంటది. మా ఇంట్లో నల్లా పక్కన రెండు ఇటుకల మధ్య ఒక ఇనుప పట్టీని అంచు పైకి వచ్చేటట్టు సిమెంటులో నిలబెట్టిన, నేల నుంచి నాలుగు అంగుళాల ఎత్తు. చెప్పు అడుగు దాని మీద రెండుసార్లు లాగితే ముప్పావు మట్టి అక్కడే పడిపోతది. వెల్డింగ్ షాపులో పాత పట్టీ ముక్క, వంద రూపాయల పని. అంచు మాత్రం ఫైలుతో గుండ్రంగా చేయించండి, పిల్లలు పడతారు. అంత తొందర లేకపోతే చెప్పులు ఎండలో పడేసి సాయంత్రం రెండూ కలిపి కొట్టండి, పెచ్చులు పెచ్చులుగా రాలిపోతది.

ఇప్పుడు అసలు సంగతి. మీ మామయ్య పత్తికి మందు కొడతారా? తానే కొట్టకపోయినా కొట్టే కూలీల పక్కన నిలబడతారా? అయితే ఆ బట్టలు గడప దాటి లోపలికి రావొద్దు. మేము పదేళ్ళు ఆ బట్టలు ఇంటి బట్టల్లోనే వేసి ఉతికినం, మా ఆమెకు చేతులు మంటలు పుడితే సబ్బు పడట్లేదనుకున్నం. వరండాకు కాకుండా ఇంటి పక్క సందులో ఒక కొక్కెం, మూత ఉన్న ఒక బకెట్, ఒక సబ్బు, ఒక లుంగీ పెట్టండి. చేతులు, ముఖం సబ్బుతో కడిగి, బట్టలు మార్చి, అప్పుడు లోపలికి. ఆ బట్టలు వేరేగా ఉతికి ఎండలో వేయాలి. మందు డబ్బాలు, సగం మిగిలిన సీసాలు చెప్పుల అల్మారిలో దాచే అలవాటు మా ఊళ్ళో చాలా ఇళ్ళల్ల ఉంది. పిల్లలున్న ఇల్లు, దయచేసి వద్దు. తాళం వేసిన పెట్టె, పిల్లలకు అందని ఎత్తులో, ఇంటి బయట. ఖాళీ డబ్బాలు కడిగి నీళ్ళకు, నూనెకు వాడుడు అస్సలు వద్దు.

తేళ్ళ గురించి కూడా. నిరుడు ఆగస్టులో మా పెద్దోడు బడికి పోయేటప్పుడు నల్ల బూటు తొడుక్కుంటుంటే సాక్సు మీద ఏదో పాకిందని కాలు విదిలించిండు. ఎర్రతేలు. గట్టిగా వేలంత కూడా లేదు. ఆ పూటకు గండం గడిచింది కానీ నాకు ఇప్పటికీ బూటు చూస్తే దడే. అప్పటి నుంచి అర నేల మీద ఉండనియ్యం, కింద ఖాళీ ఉండాలి, చీపురు పోవాలి, లోపల ఏముందో కనబడాలి. ప్రతి బూటూ తొడుక్కునే ముందు తిరగేసి నేలకేసి కొట్టుడు. వరండా లైటు తెల్లది తీసి పసుపు రంగుది పెట్టినం, పురుగులు తక్కువ వస్తున్నయి. పురుగులు వస్తే కప్పలు, తేళ్ళు వాటి వెనకే.

వడ్డేపల్లి పిన్ని:

అందరూ చెప్తున్నారు కానీ కోతుల గురించి ఒక్కరూ మాట్లాడరేంటి? హన్మకొండలో ఇల్లు కట్టుకుంటూ కోతుల లెక్క లేకుండా ప్లాన్ గీస్తే ఎట్లా? మా వరండాలో తలుపుల్లేని చెప్పుల స్టాండు పెట్టుకున్నాం, వారంలో మా ఆయన లెదర్ చెప్పు ఎదురింటి ట్యాంకు మీద. తలుపులు పెట్టిస్తే అయస్కాంతం క్యాచర్‌ను అవి రెండు రోజుల్లో నేర్చుకున్నాయి. చివరికి వరండాకు గ్రిల్ పెట్టించాక శాంతి. మీరూ ఎట్లాగూ గ్రిల్ పెట్టిస్తారు కదా, కడ్డీల సందు మూడంగుళాలు దాటొద్దని చెప్పండి, కోతిపిల్లను లోపలికి తోసి సామాను అందుకోవడం నా కళ్ళతో చూశాను.

నా సొంత తప్పు కూడా చెప్పుకుంటా. మీ వడ్ల ఆయన చెప్పినట్టే నేనూ కింది నుంచి పైదాకా అల్మారి చేయించాను, 2022లో. 2023 జూలై చివర్లో వానలు గుర్తున్నాయి కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడిన వాన, మన దగ్గర కాలనీలకు కాలనీలు మునిగాయి. మా వీధిలోకి మోకాలు లోతు నీళ్ళు వచ్చాయి, వరండాలో ఒక జానెడు నిలబడ్డాయి. అంతే. రెండు రోజుల తర్వాత అల్మారి కింది తలుపులు అప్పడాల్లా ఉబ్బాయి, నెల తర్వాత వెనకాల చెదలు. పైభాగం ఇప్పటికీ బాగుంది, కిందది తీసేసి రాయి పెట్టుకున్నాం.

అందుకే కింద ఏదున్నా రాయే ఉండాలి అంటాను. వరండా దక్షిణం కొసన ఆ చిన్న గోడ పొడవునా రాతి గద్దె కట్టించండి. ఎత్తు 18 అంగుళాలు, లోతు 15, పొడవు ఐదడుగులు. దాని కింద కడప బండతో రెండు అరలు. కింద నాలుగంగుళాలు ఖాళీ వదిలి ఒక బండ, ఆరంగుళాలు వదిలి ఇంకో బండ, ఆపై ఆరంగుళాల పైన కూర్చునే బండ. ఐదడుగుల బండ మీద మనుషులు కూర్చుంటారు కాబట్టి మధ్యలో ఒక ఊతగోడ తప్పనిసరి. జతకు ఎనిమిది అంగుళాలు పట్టుకుంటే అరకు ఏడు జతలు, ఊతగోడకు పోయినా రెండింటికీ కలిపి 12 తగ్గవు. ఆరుగురికి రెండేసి, సరిపోయింది! మిగతా 11 జతలు పెళ్ళిళ్ళవీ ఫంక్షన్లవీ అయి ఉంటాయి, డబ్బాల్లో పెట్టి సజ్జ మీదికి ఎక్కించండి. ఆ జత లేని రెండూ మాత్రం పారేయండమ్మా, జత దొరకదు.

మా దగ్గర గడపను కడప అంటాం కదా, నేను మేస్త్రీతో "కడప దగ్గర కడప బండ" అంటే అతనికి పూట పట్టింది అర్థం కావడానికి.

చెప్పుల అరలకు తలుపులు వద్దు. తలుపు తీసి, పెట్టి, మూయాలంటే పిల్లలు పెట్టరు. పిల్లలను అంటున్నాను కానీ మా ఇంట్లో 54 ఏళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడు. గ్రిల్ ఉంటే కోతి బాధ లేదు, గాలి ఆడితే వాసన ఉండదు, పరకాల తమ్ముడు చెప్పినట్టు తేలు ఉంటే కనబడుతుంది. గద్దె పైన గోడకు ఒక చెక్క పట్టీ, దానికి కొక్కేలు. పెద్దవాళ్ళకు ఐదున్నర అడుగుల ఎత్తు, పిల్లలకు మూడుంపావు. పిల్లల కొక్కేలు కింద పెట్టిన రోజు నుంచి బ్యాగులు నేల మీద పడటం ఆగిపోయింది, అంతకుముందు నాలుగేళ్ళు అరిచాను. హెల్మెట్‌కు కొక్కెం వద్దు, పట్టీ తెగుతుంది, 14 అంగుళాల లోతు ఉన్న ఒక అర పైన వేయండి, రెండు హెల్మెట్లు పక్కపక్కన పడతాయి.

అత్తమ్మ మాటకు వస్తే, ఈశాన్యంలో చెప్పులు పెట్టొద్దంటారు. తూర్పు ముఖం వరండాకు ఉత్తరం కొస ఈశాన్యం అవుతుంది. మీ దర్వాజ ఎట్లాగూ ఉత్తరం పక్కకు ఉంది కాబట్టి దక్షిణం కొసన గద్దె పెడితే చెప్పులు దర్వాజకు ఎదురుగానూ ఉండవు, నడిచే దారికీ అడ్డం రావు. ఉత్తరం కొసన ఒక తులసి కుండీ పెట్టి వదిలేయండి, అత్తమ్మ మీ పక్షాన చేరుతుంది.

కూర్చునే బండ చలికాలం జిల్లుమంటుంది, పైన మన కొత్తవాడ జంపఖానా ఒకటి మడిచి వేసుకోండి. వరంగల్ డర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది కానీ మన ఇళ్ళల్లో పెట్టె అడుగున పడి ఉంటాయి. కాళ్ళు తుడుచుకునే పట్టాగా మాత్రం వాడకండి, మందం నూలు, తడిస్తే మూడు రోజులు ఆరదు. మెట్ల పైన కొబ్బరిపీచు పట్టా, గడప లోపల పాత టవల్ లాంటి నూలు పట్టా, రెండూ ఉండాలి. బయటిది గీకడానికి, లోపలిది తుడవడానికి.

రంపం పొట్టు:

నేను వడ్ల పని చేస్తా, వరంగల్ కరీమాబాద్. మమ్మల్ని మరీ దొంగల్లాగా చూస్తున్నారు కాబట్టి రాస్తున్నా. వరండా పని అంటే నేను ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లై (మరిగే నీళ్ళను కూడా తట్టుకునే రకం) తప్ప వాడను, కస్టమర్ ఎమ్మార్ గ్రేడ్ చాలు అంటే బయట పని ఒప్పుకోను. ఎమ్మార్ అంటే తేమ తట్టుకుంటుంది, నీళ్ళు కాదు. ఈ తేడా అడగకుండా రేటు మాత్రమే అడిగితే 65 వేల అల్మారి 40కి కూడా అవుతుంది, ఎట్లా అవుతుందో పిన్నిగారి కింది తలుపులు చెప్పాయి. ప్లై ఏదైనా కోసిన అంచులకు సీలర్ కొట్టాలి, నీళ్ళు తాగేది అక్కడే.

కొక్కేల పట్టీకి దర్వాజ కోసిన టేకు ముక్కలు మిగిలి ఉంటాయి, సైట్‌లో వెతకండి, పొయ్యిలోకి పోకముందే. మంచి పట్టీ వస్తుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్, గోడలో ప్లగ్గులు పది నంబరుకు తగ్గొద్దు, తడి రెయిన్ కోటు, పుస్తకాల బ్యాగు ఒకేచోట తగిలిస్తే బరువు మామూలుగా ఉండదు. దర్వాజ కింది కమ్మీ చెక్కది పెట్టిస్తుంటే దాని అడుగున తారు పూయించారా లేదా ఇవాళే చూడండి. పసుపు పూసి రోజూ తడుపుతారు, చెదలు మొదట వచ్చేది అక్కడికే.

నయీంనగర్ మూడో అంతస్తు:

మీకందరికీ వరండాలున్నాయి, సంతోషం. మాది అపార్ట్‌మెంట్, లిఫ్ట్ తలుపుకూ మా తలుపుకూ మధ్య నాలుగడుగులు. అందరం అక్కడే స్టాండ్లు పెట్టుకున్నాం, ఒకరోజు పక్కింటి పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తీసుకుపోవాల్సి వస్తే స్టాండ్లు మెట్ల మీదికి విసిరేసి దారి చేశాం. ఆ రాత్రే అన్నీ లోపలికి తెచ్చుకున్నాం. ఇప్పుడు తలుపు వెనక గోడకు వంచి తెరిచే రకం అల్మారి, ఎనిమిది అంగుళాల లోతే, చెప్పులు నిలువుగా నిలబడతాయి. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో కొలుచుకోకుండా కొనకండి, నేను ఒకటి వాపస్ ఇచ్చాను.

మెట్ల పక్కన ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ పాయింట్ పెట్టాలనుకునేవాళ్ళకు కూడా ఇదే మాట. బయటికి పోయే ఒకే ఒక్క దారి మీద, చెప్పులు, గుడ్డలు పక్కన పెట్టుకుని రాత్రంతా బ్యాటరీ చార్జింగ్ పెట్టకండి.

భీమారం కోడలు:

అబ్బా, ఇంతమంది ఇన్ని రాస్తారనుకోలేదు. మామయ్యకు మొత్తం చదివి వినిపించాను. ఇంజనీర్ అన్న రాసింది వినగానే "నేనేం జెప్పిన" అని మూడుసార్లు అన్నారు, ఇప్పుడు చాయ్ తాగుతూ కూడా అదే అంటున్నారు. మందు సంగతి అడిగితే మాత్రం మాట మార్చారు. తర్వాత అత్తమ్మ చెప్పింది, రెండు డబ్బాలు ఇప్పుడు కిరాయి ఇంట్లో బట్టల సబ్బుల పక్కన ఉన్నాయట. అవి ఇవాళే బయటికి పోయాయి.

గద్దె ఖాయం. దక్షిణం కొసకే. అల్మారి వద్దని చెప్పేశాను, వడ్ల ఆయన ముఖం చిన్నబోయింది, కొక్కేల పట్టీ, హెల్మెట్ అర ఆయనకే ఇచ్చాను. టేకు ముక్కలు అప్పటికే వాచ్‌మన్ పొయ్యి పక్కన పేర్చి ఉన్నాయి, రెండు మంచివి దొరికాయి.

రెండు సందేహాలు. ఒకటి, కాళ్ళు కడిగే చదరం మెట్లకు ఉత్తరం పక్కన పెట్టాలా, దక్షిణం పక్కనా? ఉత్తరం పక్కన బోరు పైపు దగ్గర. రెండు, మామయ్యకు నల్లాతో పాటు గోలెం కూడా కావాలట. కరెంటు పోతే నల్లా ఏం చేస్తది అంటున్నారు.

సైట్ మీదే సగం జీవితం, కాజీపేట:

దక్షిణం పక్కన పెట్టండి. నల్లాకు పైపు నాలుగడుగులు ఎక్కువ పట్టినా పర్వాలేదు, కాళ్ళు కడిగిన నీళ్ళు బోరు పక్కన ఇంకొద్దు, పైగా మందు కొట్టిన చేతులు కడిగే నీళ్ళు కూడా అవే. చదరం నుంచి మెట్టెక్కితే గద్దె ఎదురుగానే వస్తుంది, కడుక్కోవడం, ఎక్కడం, కూర్చుని తుడుచుకోవడం వరుసగా జరుగుతాయి. దర్వాజ ముందు నేల పొడిగా ఉంటుంది.

నల్లా ట్యాంకు లైన్ మీద ఉంటే కరెంటు పోయినా వస్తుంది అని మీ మామయ్యకు చెప్పొచ్చు, కానీ చెప్పకండి. గోలెం పెట్టించండి. పైన మూత ఉండేటట్టు, లోపల సున్నం కొట్టించి, వారానికోసారి ఖాళీ చేయించండి, లేకపోతే దోమలు.

వడ్డేపల్లి పిన్ని:

గోలెం మీద మూత బరువుది పెట్టించమ్మా. కోతులు.